రెండో దరఖాస్తు

జూన్ నెలలో ఏలూరు, తాడేపల్లిగూడెం వీధుల్లో ఒక మాట ఇంటింటికీ తిరుగుతుంది: 'క్వాలిఫై అయింది'. ఆ మాటలో సంతోషమెంతో, సర్దుకుపోవడమెంతో చెప్పేవాళ్ల గొంతును బట్టి పోల్చుకోవాలి. 2025 నీట్‌లో జనరల్ కేటగిరీకి అర్హత మార్కు 720కి 144. పరీక్ష రాసినవాళ్లు 22 లక్షల పైచిలుకు. అర్హులని తేలినవాళ్లు 12 లక్షల 36 వేల మంది. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్షా పాతిక వేల ప్రాంతంలో ఉన్నాయి. అంటే క్వాలిఫై అయిన పదిమందిలో తొమ్మిదిమందికి సీటు లేదు. జూన్‌లో మిఠాయి పంచిన ఇంటివాళ్లే కౌన్సెలింగ్ రౌండ్లన్నీ చూసి చూసి, చివరికి పరుపుచుట్ట, ట్రంకుపెట్టె సర్దుకుని గూడవల్లి హాస్టళ్ల దారి పడతారు. లాంగ్ టర్మ్‌కి, అంటే మళ్లీ నీట్ రాసేందుకు ఏడాది కోచింగ్‌కి.

ఒక ఏడాదితో ఆగితే ఎవరికీ పేచీ లేదు. రెండోసారి రాసి సీటు తెచ్చుకున్న పిల్లలు మన చుట్టూ బోలెడంత మంది ఉన్నారు. పేచీ అంతా మూడో ఏడాదితోనే. నీట్ ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి లేదు. 2022లో గరిష్ఠ వయసు నిబంధన కూడా తీసేశారు. తలుపు ఎన్నటికీ మూయకపోవడం పైకి దయగానే కనిపిస్తుంది. కానీ 'ఇక చాలు' అని చెప్పే పని ఏ ప్రభుత్వమూ చేయనప్పుడు అది ఇంట్లోవాళ్ల మీద పడుతుంది. తండ్రి బాధపడతాడని పిల్ల అనదు. పిల్ల కుంగిపోతుందని తండ్రి అనడు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఇంకో ఏడాది ఫీజు కట్టేస్తారు.

పక్కదారుల లెక్కలు మొదలయ్యేది ఆ తర్వాతే. డెంటల్, ఆయుర్వేదం, గుడివాడలో హోమియో, వెటర్నరీ, వెంకట్రామన్నగూడెంలో హార్టికల్చర్, ఫార్మసీ, నర్సింగ్. ఏలూరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల 150 సీట్లతో మొదలైతే జిల్లా అంతా సంబరపడింది. అందులోనూ ఏడాదికి 12 లక్షల సెల్ఫ్ ఫైనాన్స్ సీటు, 20 లక్షల ఎన్నారై సీటు ఉన్నాయని తెలిశాక కాగితం, కలం తీసుకుని కూర్చుంది. అంత పెట్టలేనివాళ్లు జార్జియా, కిర్గిజ్‌స్థాన్, ఫిలిప్పీన్స్ అంటారు. రెండు పట్టుబడుల చేపల డబ్బు, బంగారం మీద అప్పు, ఊళ్లో మిగిలిన అరెకరం కలిపితే ఆ విమానం టికెట్టు.

ఈ జాబితాలో ఎక్కడా లా కాలేజీ ఉండదు.

ఎవరైనా ధైర్యం చేసి 'పోనీ లా చదివించకూడదా' అన్నారనుకోండి, వచ్చే జవాబులు మనకు కంఠతా వచ్చు. బైపీసీ చదివి లా ఏమిటండీ? మా పిల్ల నలుగురిలో నోరు విప్పదండీ, ప్లీడరెలా అవుతుంది? ఇంట్లో మామ్మగారుంటే ఆవిడ పాత సామెత తీస్తారు: కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడట. అలాంటి చోటికి పిల్లని పంపుతారా అని. కొల్లేరు సరస్సు చుట్టుపక్కల కోర్టు వాయిదాలకు తిరిగి చెప్పులరగని కుటుంబం తక్కువ. వకీలు అనగానే వాళ్లకు గుర్తొచ్చేది ఫీజు.

భీమడోలు వైపు ఒక చేపల రైతు చెప్పిన మాట మాత్రం వీటన్నిటికంటే లోతుగా తగిలింది. ఆయన కూతురిది రెండో లాంగ్ టర్మ్. "ఇంటర్లో బైపీసీలో చేరిన రోజు నుంచీ మా ఊళ్లో దాన్ని 'డాక్టరమ్మా' అని పిలుస్తున్నారండి. కిరాణా కొట్టువాడు కూడా. ఇప్పుడు ఏమని పిలవమని చెప్పమంటారు?" ఆయన అడుగుతున్నది సీటు గురించి కాదని ఎవరికైనా తెలుస్తుంది. పదిహేనేళ్ల వయసులో తగిలించిన పిలుపును ఏ మొహంతో వెనక్కి తీసుకోవాలన్నదే ఆయన బాధ. దానికి ఏ కౌన్సెలింగ్ కేంద్రంలోనూ ఆప్షన్ ఫారం లేదు.

ఆ పిలుపు దగ్గరే లా గురించి చెప్పవలసిన మొదటి సంగతి ఉంది. పైన చెప్పిన పక్కదారులన్నీ మంచివే, మర్యాదైన బతుకు ఇచ్చేవే. అయితే మన జనం వాటిని ఒకే నిచ్చెన మీద పేర్చి పెట్టారు. పై మెట్టు ఎంబీబీఎస్. తక్కినవన్నీ దాని కింది మెట్లు. డెంటల్ డాక్టరుని పెళ్లిలో పరిచయం చేస్తూ 'ఎంబీబీఎస్ మార్కు కొద్దిలో పోయింది' అనే మేనమామ ప్రతి ఇంట్లో ఉంటాడు. ఆ అమ్మాయికి నలభై ఏళ్లు వచ్చినా, సొంత క్లినిక్ కిటకిటలాడుతున్నా ఆ కొద్ది మార్కుల లోటు వదలదు. లా ఆ నిచ్చెన మీదే లేదు. వకీలుని నీట్ మార్కులు ఎవరూ అడగరు. ఊళ్లో పిలుపు మారేదాకా కొంత ఇబ్బంది ఉంటుంది, మారాక పాతది ఎవరికీ గుర్తుండదు. ఇది చిన్న ఊరట అనిపించవచ్చు. పద్దెనిమిదేళ్ల పిల్లకు పెద్దదే.

రెండో సంగతి చదువుకు సంబంధించింది. నీట్‌కు రెండేళ్లు కూర్చున్న పిల్లల్ని దగ్గరగా చూసినవాళ్లకు తెలుసు, వాళ్లు ఎన్సీఈఆర్టీ బయాలజీని ఎలా చదువుతారో. పుట కాదు, వాక్యం గుర్తుంటుంది. బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఉన్న మాట గుర్తుంటుంది. 'ఎప్పుడూ', 'సాధారణంగా' అనే రెండు మాటల తేడాతో నాలుగు మార్కులు పోయిన అనుభవం ఉంటుంది. చట్టం చదవడమంటే చాలావరకు ఇదే పని. సెక్షన్‌లో 'మరియు' ఉందా, 'లేదా' ఉందా, చివర్లో 'అయితే' అని మొదలయ్యే మినహాయింపు ఏం చెబుతోంది అని పట్టిపట్టి చూడటమే. ఇంత ఓపికను రెండేళ్లపాటు లక్షలు పోసి పెంచి, సీటు రాలేదనగానే దండగ పోయిందంటాం.

తేడా కూడా ఉంది, దాన్ని దాచకూడదు. నీట్‌లో నాలుగింట్లో ఒకటి సరైన జవాబు. కీ విడుదలవుతుంది, పేచీ అక్కడితో తీరుతుంది. న్యాయశాస్త్రంలో ఇరుపక్షాల వాదనలోనూ ఎంతో కొంత నిజం ఉంటుంది, కింది కోర్టు ఒకటంటే పై కోర్టు ఇంకొకటంటుంది. కీ లేని చదువు కొందరు పిల్లలకు ఊపిరాడనివ్వదు. కొందరికి మొదటిసారి గాలి తగిలినట్టుంటుంది. మీ పిల్ల ఏ కోవలోదో తెలుసుకోవడానికి ఒక మార్గం ఉంది, అదీ పైసా ఖర్చు లేకుండా. ఆపరేషన్ థియేటర్లోకి పదిహేడేళ్ల పిల్లని 'చూసి పో' అని ఎవరూ రానివ్వరు. కోర్టు హాల్లోకి రానిస్తారు. కొన్ని రకాల కేసులు తప్పిస్తే విచారణ బహిరంగంగానే జరగాలని చట్టమే చెబుతోంది. ఏలూరు కోర్టు ఆవరణలో ఒక పూట వెనక బెంచీ మీద కూర్చుంటే చాలు.

ఏం కనిపిస్తుంది? సినిమా మాత్రం కనిపించదు. గుమ్మంలో అటెండరు పేరు మూడుసార్లు పిలుస్తాడు. పార్టీ రాడు. వాయిదా. తర్వాతి ఫైలు. తెల్లదారం కట్టిన కట్టలు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదకు వెళతాయి. ముందు వరుసలో సీనియరు గారు తేదీ కోసం డైరీ తిరగేస్తుంటారు. వెనక జూనియరు అమ్మాయి అందుకోవాల్సిన కాగితం వేలితో పట్టుకుని నిలబడి ఉంటుంది. గంట గడిచాక ఎక్కడో ఒకచోట ఒక సాక్షి బోనెక్కుతాడు. వకీలు చాలా మామూలు గొంతుతో ఒక చిన్న ప్రశ్న అడుగుతాడు, సాక్షి జవాబివ్వడానికి ఒక క్షణం ఎక్కువ తీసుకుంటాడు, హాలంతా ఆ క్షణాన్ని గమనిస్తుంది. ఆ ఒక్క క్షణం కోసం మిగతా గంటంతా భరించవచ్చు అనిపించిన పిల్ల ఉంటే ఆమెను లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాయనివ్వండి. విసుగుతో ఫోను తీసిన పిల్లని బలవంతపెట్టకండి. అన్నట్టు, కోర్టులో ఫోను తీస్తే అటెండరు ఊరుకోడు.

నోరు విప్పదన్న బెంగకు జవాబు కూడా అక్కడే దొరుకుతుంది. వాదించేది కాసేపు. రాసేది రోజంతా. నోటీసు, ప్లెయింటు, కౌంటరు, అఫిడవిట్, ఒప్పందం. మితభాషిగా ఉంటూ చక్కటి డ్రాఫ్టు రాసే జూనియరు కోసం ఏ సీనియరైనా ఎదురుచూస్తాడు.

ఇక ఈ ప్రాంతం సంగతి. లా అంటే ఎక్కడో ఢిల్లీలో, హైదరాబాదులో పెద్ద కంపెనీల కోసం చదివేదని అనుకునేవాళ్లు ఒకసారి కొల్లేటి గట్టు మీద నిలబడి చూడాలి. ఆ లంకల్లో 'కాంటూరు' అన్న ఇంగ్లీషు మాట పలకని మనిషి లేడు. 1999లో సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తులోని కాంటూరు గీత దాకా, 77,138 ఎకరాలు అభయారణ్యం అన్నారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో యంత్రాలు దిగి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టాయి. 2008లో శాసనసభ ఐదో కాంటూరుని మూడుకు తగ్గించాలని తీర్మానించింది. కేంద్రం వేసిన నిపుణుల కమిటీ 2011లో ఐదే ఉండాలంది. కేసులు ఇప్పటికీ సుప్రీంకోర్టులో నలుగుతున్నాయి. జిరాయితీ భూమి ఎవరిది, డి-ఫారం పట్టా చెల్లుతుందా, సొసైటీ చెరువు లీజుకిచ్చే హక్కు ఎవరికుంది, గూడబాతు దిగే నీటికి హద్దు ఎక్కడ. పాతికేళ్లుగా ఇవన్నీ న్యాయశాస్త్రం ప్రశ్నలే, జీవశాస్త్రం ప్రశ్నలూ అవే.

ఆ రెండూ తెలిసిన మనిషి ఎంత అవసరమో ఒక్క ఉదాహరణ. తెల్లవారేసరికి చెరువులో చేప నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తుంది, కాసేపటికి తేలిపోతుంది. పైనుంచి వచ్చిన మురుగు కాలవ నీరే కారణమని రైతు ఫిర్యాదు చేస్తాడు. అధికారులు మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చి సీసాలో నీరు పట్టుకెళతారు. ఆక్సిజన్ సరిపడా ఉందని రిపోర్టు వస్తుంది. కేసు అక్కడితో నీరుగారిపోతుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్ సూర్యోదయానికి ముందు అట్టడుగుకి పడిపోతుందని, ఎండెక్కేకొద్దీ నాచు దాన్ని మళ్లీ నింపుతుందని బైపీసీ మొదటి ఏడాది పిల్లకు తెలుసు. చెరువు గట్టు మీద పుట్టిన పిల్లకైతే ఇంటర్ చదవకముందే తెలుసు. 'నమూనా ఎన్ని గంటలకు తీశారు?' అన్న ప్రశ్న అడగడానికి వకీలుకి తెలియాల్సింది అంతే. అడిగేవాళ్లు లేక ఎన్ని ఫిర్యాదులు మూతపడ్డాయో ఈ చెరువుల మధ్య తిరిగేవాళ్లు ఊహించగలరు.

భీమవరం దగ్గర తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు మీద ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కిన రోజులు మరిచిపోయేవి కావు. కాలవలోకి ఏం వదులుతారు, ఎంత శుద్ధి చేస్తారు, పైపు ఎక్కడిదాకా వేస్తారు అన్నవే అప్పుడు గొడవంతా. జనం వైపు నుంచి ఆ లెక్కల్ని చదివి చెప్పగల ఊరిపిల్లలు నలుగురు ఉండి ఉంటే ఎంత తేడా వచ్చేదో.

గట్టు తగాదాలనే తీసుకోండి. పార దెబ్బ తగిలిన మనిషిని ఆటోలో ఆసుపత్రికి తెస్తారు. డ్యూటీ డాక్టరు కుట్లు వేసి, ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు)గా నమోదు చేసి, గాయం సర్టిఫికెట్ రాస్తారు. చివరి గడిలో ఒక్క మాట: 'సింపుల్' లేదా 'గ్రీవియస్'. ఆ మాట మీద సెక్షన్ మారుతుంది, బెయిలు మారుతుంది, శిక్ష మారుతుంది. ఎముక విరిగినా పన్ను ఊడినా తీవ్రగాయమే. తీవ్రమైన నొప్పితో ఇన్ని రోజులు రోజువారీ పనులు చేసుకోలేకపోయినా తీవ్రగాయమే. పాత ఐపీసీలో ఆ గడువు 20 రోజులు ఉండేది, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 15 అయింది. ఏడాదిన్నర తర్వాత అదే డాక్టరు సాక్షిగా వస్తారు. ఎక్స్‌రేలో కనబడిన విరుపు ఆ రోజుదేనా, అంతకుముందుదా అని అడగాలంటే ఎముక ఎలా అతుక్కుంటుందో తెలియాలి. తెలియని వకీలు సర్టిఫికెట్ చదివి కూర్చుంటాడు. తెలిసినవాడి క్లయింటు ఇంటికెళతాడు.

ఏలూరు మరిచిపోలేని శీతాకాలం ఒకటుంది. 2020 డిసెంబరు 5 నుంచి పట్నంలో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోవడం మొదలైంది. కొద్దిరోజుల్లో ఆరువందల మందికి పైగా ఆసుపత్రికి చేరారు. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. తర్వాత పురుగుమందుల అవశేషాల వైపు చూపు మళ్లింది. వైద్యులు రాత్రింబవళ్లు నిలబడ్డారు, చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే కోలుకుని ఇళ్లకెళ్లారు. అక్కడితో వైద్యం పని పూర్తయింది. విషం ఏ దారిన వంటింట్లోకి వచ్చింది, దాన్ని ఆపవలసిన బాధ్యత ఏ శాఖది, పనికి వెళ్లలేకపోయినవాళ్ల కూలి ఎవరివ్వాలి అన్న ప్రశ్నలు డిశ్చార్జి కాగితంలో ఉండవు. అవి అడిగేవాళ్లు వేరే చదువు చదివినవాళ్లు. ఆ వేరే చదువులో కాస్త టాక్సికాలజీ తెలిసినవాళ్లు ఉంటే ఈ పట్నానికి మేలు.

వైద్యం, చట్టం ఒకదానికొకటి దూరపు చుట్టాలేమీ కావు. వైద్యసేవ కూడా వినియోగదారుల చట్టం కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1995లో వి.పి. శాంత కేసులో చెప్పింది. ప్రమాదంలో గాయపడినవాణ్ణి పోలీసు కాగితాల కోసం ఆపకుండా ముందు వైద్యం చేయాలని 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పింది. డాక్టరు మీద క్రిమినల్ కేసు ఎప్పుడు పెట్టవచ్చో, ఎప్పుడు కూడదో 2005లో జేకబ్ మాథ్యూ తీర్పులో వివరించింది. ఆసుపత్రులకూ రోగులకూ కూడా ఈ తీర్పులు అర్థం చేసుకున్న మనిషి కావాలి. కేస్ షీటు చదవగలిగిన వకీళ్లు మన జిల్లాల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉంటారు.

ఇదంతా విని లా పూలబాట అనుకుంటే తప్పు. దరఖాస్తు సులువు. లాసెట్‌లో 120 ప్రశ్నలు, గంటన్నర, తెలుగులోనూ ప్రశ్నలుంటాయి, తప్పు రాస్తే మార్కు కోయరు. ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరే, 45 శాతం మార్కులు చాలు, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40. అసలు చిక్కులు తర్వాత. ప్రవేశాల కౌన్సెలింగ్ చలికాలం దాకా సాగిన ఏళ్లున్నాయి, నీట్ పిల్లలకు ఆ ఎదురుచూపు కొత్తేమీ కాకపోయినా. నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం లాంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో చేరాలంటే క్లాట్ అనే వేరే పరీక్ష రాయాలి. అది డిసెంబరులో జరుగుతుంది, పేజీలకు పేజీలు ఇంగ్లీషు పేరాలు చదివి జవాబులు పెట్టాలి. సూత్రాలు బట్టీ పట్టి వచ్చిన పిల్లకు మొదటి మాక్ టెస్టు చుక్కలు చూపిస్తుంది.

పట్టా చేతికొచ్చాకే ఎక్కువ కష్టం. హౌస్ సర్జన్‌కి స్టైపెండ్ ఉంటుంది. జూనియరు వకీలుకి సీనియరు దయ. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో జూనియర్లకు పట్నాల్లో నెలకు 20 వేలు, పల్లెల్లో 15 వేలు ఇవ్వాలని సూచించింది. సూచన సూచనగానే ఉండిపోయిన చోట్లే ఎక్కువ. 2019లో రాష్ట్ర ప్రభుత్వం 'లా నేస్తం' పేరిట కొత్త వకీళ్లకు మూడేళ్లపాటు నెలకు 5 వేలు ఇవ్వడం మొదలుపెట్టింది. బస్సు చార్జీలకు, జిరాక్సులకు అక్కరకొచ్చింది. కాలేజీ నుంచి నేరుగా జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాసేద్దామన్న ఆశకు కూడా 2025 మే 20న సుప్రీంకోర్టు అడ్డుకట్ట వేసింది, మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అని. ఆడపిల్లల తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇంకొకటుంది. దేశంలో అన్ని కోర్టు ఆవరణల్లో ఆడవాళ్లకు సరైన మరుగుదొడ్లు కట్టండని 2025 జనవరిలో సుప్రీంకోర్టే ఆదేశించాల్సి వచ్చిందంటే వాళ్ల ప్రశ్న ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

మరి ఇన్ని కష్టాలున్న దారిని రెండో దారిగా చూపించడం న్యాయమేనా? చూపించే తీరును బట్టి ఉంటుంది. మూడో లాంగ్ టర్మ్ కూడా బెడిసికొట్టాక, ఇంట్లో మాటలు కరువయ్యాక, 'పోనీ ఏదో ఒకటి' అంటూ లా కాలేజీలో చేర్పిస్తే ఆ పిల్ల మొదటి రోజు నుంచే అక్కడ అతిథిలా కూర్చుంటుంది. అదే పిల్లకు ఇంటర్ మొదటి ఏడాదిలోనే ఇలాంటి చదువొకటుంది, చూసి రా అని చెప్పి ఉంటే, అది ఇష్టపడటానికి ఆమెకు వ్యవధి దొరికేది. రెండో ఇష్టం కూడా ఇష్టమే, దానికీ కాస్త పరిచయం కావాలి.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్ల పిల్లల సంగతి చూస్తే ఆ వ్యవధి విలువ తెలుస్తుంది. అక్కడ మెడికల్ స్కూలుకైనా, లా స్కూలుకైనా డిగ్రీ అయ్యాకే దరఖాస్తు. మెడిసిన్‌కు కొన్ని సైన్సు కోర్సులు తప్పనిసరి, లాకు ఫలానా సబ్జెక్టే చదవాలన్న నియమం లేదు. బయాలజీలో డిగ్రీ చేస్తూ, ఎంక్యాట్ రాయాలా ఎల్‌శాట్ రాయాలా అని ఇరవై, ఇరవై ఒక్కేళ్ల వయసులో ఆలోచించుకుంటారు. ఇక్కడి పిల్లలు పదో తరగతి సెలవుల్లో గ్రూపు ఎంచుకునేనాటికే జీవితం ఎంచుకున్నట్టు. అయితే మనకూ ఆ కిటికీ ఒకటి తెరిచే ఉంది, చూసేవాళ్లు తక్కువ. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ. జువాలజీతోనో, ఆక్వాకల్చర్‌తోనో బీఎస్సీ పూర్తిచేసి, అప్పుడు లాసెట్ రాయవచ్చు. వయసు పరిమితి లేదు. ఏలూరులో సర్ సి.ఆర్. రెడ్డి పేరున డిగ్రీ కాలేజీ ఉంది, లా కాలేజీ ఉంది. ఆడపిల్లలకు సెయింట్ థెరీసాస్ డిగ్రీ కాలేజీ ఉంది. భీమవరంలో డి.ఎన్.ఆర్. లా కాలేజీ ఉంది. హాస్టలు పరుపుచుట్ట అక్కర్లేకుండా ఇంటి నుంచి బస్సులో వెళ్లి వచ్చే దూరాలివి. మా మటుకు మాకు కొల్లేటి పిల్లలకు ఇంటర్ కాగానే చేరే ఐదేళ్ల లా కోర్సు కంటే ఈ దారే మేలనిపిస్తుంది. బయాలజీ వృథా పోదు, ఇరవై ఏళ్లు దాటాక తీసుకునే నిర్ణయం పదిహేడేళ్లప్పుడు తీసుకున్నదానికంటే నిలకడగా ఉంటుంది.

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లే దారిలో గుండుగొలను వస్తుంది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1880లో పుట్టింది ఆ ఊళ్లోనే. మద్రాసులో వైద్యం చదివి బందరులో ప్రాక్టీసు పెట్టి, నడుస్తున్న ప్రాక్టీసు వదిలేసి స్వాతంత్ర్యోద్యమంలోకి వచ్చాడు, 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించాడు, 1948లో కాంగ్రెస్ అధ్యక్షుడయ్యాడు. ఆయన పట్టా చేతిలో పెట్టుకుని వదిలాడు, మన పిల్లలు సీటు గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారు. రెండూ ఒకటని చెప్పి పిల్లల్ని ఓదార్చబోతే వాళ్లే నవ్వుతారు. పట్టాభి విషయంలో గమనించదగ్గది వేరే. ఆయన బ్యాంకు పనిలోకి ఎవరో తోస్తే వెళ్లలేదు, రైతుకి అప్పు పుట్టని ఊళ్లు చూసి వెళ్లాడు. చుట్టూ ఏ పని చేసేవాళ్లు లేరో చూసి అందులో దిగడం ఈ నేలలో కొత్త సంగతి కాదు.

కొల్లేటి చుట్టూ ఇప్పుడు లేనిదేమిటో పైన కొంత చెప్పుకున్నాం. దాన్ని పిల్లల ముందుంచడానికి పెద్ద పథకాలు అక్కర్లేదు. నీట్ ఫారం నింపే నెట్ సెంటర్లోనే లాసెట్ ఫారం కూడా నింపుతారు, రెండు నోటిఫికేషన్లకూ మధ్య ఎడం కొద్ది వారాలే. జూనియర్ కాలేజీల నోటీసు బోర్డు మీద ఈఏపీసెట్ పక్కన లాసెట్, క్లాట్ తేదీలు కూడా రాయిస్తే ఖర్చు ఒక సుద్దముక్క. ర్యాంకర్ల ఫ్లెక్సీలకు ఏటా అంత పెట్టే యాజమాన్యాలు బైపీసీ విద్యార్థుల్ని ఒక శనివారం బస్సెక్కించి కోర్టుకి తీసుకెళ్లి వెనక బెంచీల్లో కూర్చోబెట్టవచ్చు. ముందు జిల్లా జడ్జిగారికి ఒక ఉత్తరం రాసుకుంటే సరిపోతుంది. ఆ రోజు గాయం సర్టిఫికెట్ మీద డాక్టరుగారి సాక్ష్యం ఉంటే పిల్లలకు అటు వైద్యమూ ఇటు చట్టమూ ఒకే బోనులో కనిపిస్తాయి. ఏ కేసులు విచారణకు వస్తాయో చెప్పే కాజ్ లిస్టు ముందు రోజే ఆన్‌లైన్లో పెడతారు, చూసుకుని వెళితే చాలు.